పాత కారుకు జారుడు కిటికీ పెట్టడం తప్పా?

ఈ ఏడాది పత్రిక కోసం మా తెలుగు అయ్యవారు, మీకు నిజంగా ఎదురైన ఒక న్యాయాన్యాయాల ప్రశ్న మీద వ్యాసం రాయండి అన్నారు. మా తరగతిలో చాలామంది అబద్ధం చెప్పవచ్చా, పరీక్షలో స్నేహితురాలికి జవాబు చూపించవచ్చా అనే విషయాలు తీసుకున్నారు. నేను ఒక కారు కిటికీ గురించి రాస్తున్నాను. నవ్వకండి. పోయిన వేసవి నుంచి దీపావళి దాకా మా ఇంట్లో దీని గురించి మాట్లాడుకోని రోజు లేదు. రెండు వారాలు మా తాత, నేను మాట్లాడుకోకుండా కూడా ఉన్నాము.

మా తాతకు ఒక మోరిస్ మైనర్ 1000 ఉంది. 1957 నాటి బండి. మా ముత్తాత కొన్నాడు, ఆయన తరువాత తాతకు వచ్చింది. రెండే తలుపులు. వెనక సీటులోకి పోవాలంటే ముందు సీటు మడిచి, తల వంచి, దూరాలి. ముందు తలుపులకు హ్యాండిల్ తిప్పితే దిగే అద్దాలు ఉన్నాయి. వాటి పక్కన తిరిగే ముక్కోణపు చిన్న అద్దాలు కూడా ఉన్నాయి, వాటిని కొంచెం తిప్పితే గాలి నేరుగా ముఖానికి కొడుతుంది. వెనక మాత్రం రెండు పక్కలా ఒక్కొక్క అద్దం, రబ్బరు బీడింగ్‌లో బిగించి ఉంటుంది. తెరుచుకోదు. చూడడానికి చాలా అందంగా ఉంటుంది, పై అంచు వెనక్కి పోయేకొద్దీ మెల్లగా కిందికి వంగుతుంది. మూలలో ట్రిప్లెక్స్ అని చిన్న అక్షరాలు ఉంటాయి. చిన్నప్పుడు నేను వాటిని వేలితో తడిమేదాన్ని.

మే నెలలో అందరం తిరుత్తణికి బయలుదేరాము. తాత నడుపుతున్నాడు. ఆయన పక్కన పెదతాత, అంటే తాత అన్న. వెనక అవ్వ, నేను, తమ్ముడు. అమ్మా నాయనా బస్సులో వస్తున్నారు. కత్తిరి ఎండలు. బండి పోతున్నంతసేపు ముందు నుంచి కొంచెం గాలి వచ్చింది, అది కూడా లోపలే వేడిగా తిరుగుతా ఉండింది, ఎందుకంటే వెనకనుంచి బయటికి పోవడానికి దానికి దారి లేదు. తిరువళ్ళూరు దాటాక రోడ్డు పనుల దగ్గర బండ్లన్నీ నిలిచిపోయాయి. పది నిమిషాలు అయ్యుంటుంది. అవ్వకు ఆయాసం మొదలైంది. ముఖం తెల్లబడింది. "కిటికీ తియ్యవే పాపా" అంది. అక్కడ తియ్యడానికి కిటికీ లేదని ఆమెకు తెలుసు. అరవై ఏళ్ళుగా ఎక్కుతున్న బండి. అయినా అడిగింది.

ఆమెను దించాలంటే ముందు పెదతాత దిగాలి. ఆయన చేతికర్ర వెతుక్కుని, కాలు బయట పెట్టి, నిలబడి, ఆ తరువాత సీటు మడిచి... ఎంతసేపు పట్టిందో నేను చెప్పలేను. నేను అద్దాన్ని అరచేత్తో కొట్టాను. అది నాకు ఇప్పటికీ గుర్తుంది. అవ్వ చెట్టు కింద కూర్చుని, నీళ్ళు తాగి, తేరుకుంది. దేవుడి దయ. ఆ రోజు కొండ ఎక్కలేదు, వెనక్కి వచ్చేశాము.

ఇంటికి వచ్చాక నేను తాతతో, వెనక అద్దాలు తీసేసి జారుడు అద్దాలు పెట్టిద్దాము అన్నాను. బస్సుకు ఉంటాయి, వ్యానుకు ఉంటాయి, దీనికి ఎందుకు ఉండకూడదు? తాత కోప్పడలేదు. కానీ "అది కుదరదమ్మా" అన్నాడు. ఎందుకు కుదరదో కూడా చెప్పాడు, అది నేను న్యాయంగా రాయాలి, ఎందుకంటే ఆయన మొండితనానికి అన్నది కాదు. ఈ బండి ఎట్లా తయారైందో అట్లా మన దాకా వచ్చింది, వచ్చింది వచ్చినట్టు తరువాతివాళ్ళకు ఇవ్వడం మన పని అన్నాడు. మనకు సౌకర్యంగా లేదని ఒకడు కిటికీ కోస్తే, ఇంకొకడు ఇంజను మారుస్తాడు, మూడోవాడికి వచ్చేటప్పటికి అది మోరిస్ మైనర్ కాదు, మోరిస్ మైనర్ తొడుగు వేసుకున్న ఏదో బండి. ఇంకో సంగతి కూడా ఉంది. 2021లో కేంద్ర ప్రభుత్వం యాభై ఏళ్ళు దాటిన బండ్ల కోసం వేరే నిబంధనలు తెచ్చింది. 20,000 రూపాయలు కట్టి నమోదు చేసుకుంటే వీఏ అనే అక్షరాలున్న నంబరు ఇస్తారు, పదేళ్ళు చెల్లుతుంది. కానీ బండి మొదటి రూపంలోనే ఉండాలి, చాసిస్‌లో గాని బాడీలో గాని ఇంజనులో గాని పెద్ద మార్పు ఉండకూడదు. తాతకు ఆ నంబరు తీసుకోవాలని ఆశ. దాని కాగితాలు ఒక ఫైలులో పెట్టుకున్నాడు.

ఆ నిబంధన నేను కూడా చదివాను. అందులో ఇంకొక మాట ఉంది: అట్లా నమోదైన బండిని రోజువారీ పనులకు వాడకూడదు. ప్రదర్శనకు, ర్యాలీకి, రిపేరుకు, అట్లాంటి వాటికే రోడ్డు మీదికి తేవాలి. అంటే అప్పుడు వెనక సీటులో ఎవరికీ ఊపిరాడకపోవడం అనే సమస్యే రాదు, ఎందుకంటే వెనక సీటులో ఎవరూ కూర్చోరు. సమస్య తీరినట్టా, లేక బండే ఆగిపోయినట్టా? ఇది నేను తాతను అడిగాను. ఆయన జవాబు చెప్పలేదు. మాట్లాడుకోని రెండు వారాలు అవే.

ఆ రెండు వారాల్లో నేను ఈ బండి గురించి దొరికినదంతా చదివాను, తాతను ఓడించాలనే చదివాను. దీన్ని రూపొందించినవాడు అలెక్ ఇస్సిగోనిస్. 1948లో ఇంగ్లండులో బయటికి వచ్చింది. విడుదలకు ముందు నమూనా బండి చూసి, ఇది మరీ ఇరుకుగా ఉంది అనిపించి, ఆయన దాన్ని నిలువునా రెండు ముక్కలుగా కోయించాడు. రెండు ముక్కలను కొంచెం కొంచెం దూరం జరిపి చూసి, సరిగ్గా ఉంది అనిపించిన చోట ఆపించాడు. నాలుగు అంగుళాలు పెరిగింది. అందుకే బానెట్ మధ్యలో ఒక పట్టీలాగా ఉంటుంది. బంపర్లు అప్పటికే తయారైపోయాయి కాబట్టి మొదటి బండ్లకు బంపరు మధ్యలో నాలుగు అంగుళాల అతుకు వేశారు. నేను షెడ్డులోకి పోయి మా బండి బానెట్ మీద ఆ పట్టీని చూశాను. పదిహేనేళ్ళుగా చూస్తున్నాను, అది అందం కోసం అనుకున్నాను. అది కోత గుర్తు!

అంతేకాదు. 1956లో మైనర్ 1000 వచ్చినప్పుడు, అంతకుముందు రెండు ముక్కలుగా ఉన్న ముందు అద్దాన్ని ఒకే అద్దం చేశారు, ఇంజను 948 సీసీకి పెంచారు. పక్కన చెయ్యిలాగా లేచే సిగ్నల్ కర్రలను 1961లో తీసేసి, మిణుకు దీపాలు పెట్టారు. అన్నిటికంటే నాకు సంతోషం కలిగించింది ట్రావెలర్ సంగతి. 1953 నుంచి అదే బండికి వెనక భాగం చెక్క ఫ్రేముతో పొడవుగా చేసి అమ్మారు. దాని వెనక పక్క కిటికీలు ఏమనుకున్నారు? జారుడు అద్దాలు!

ఇవన్నీ నోటుబుక్కులో రాసుకుని తాత ముందు చదివాను. చేసినవాడే కోశాడు, చేసినవాడే మార్చాడు, చేసినవాడే జారుడు కిటికీ పెట్టాడు, ఇంక మీకేమి అడ్డం అన్నాను. తాత అంతా విన్నాడు. "బాగా చదివావు" అన్నాడు. ఆ తరువాత ఒక్క మాట అన్నాడు. "కథ రాసినవాడు తన కథ దిద్దుకోవచ్చు. అచ్చు వేసేవాడు దిద్దవచ్చా?"

దీనికి రెండు రోజులు నా దగ్గర జవాబు లేదు. ఇప్పుడు కూడా పూర్తి జవాబు ఉందని చెప్పను.

మా చరిత్ర టీచరును అడిగితే ఆమె మిలిందుడి కథ చెప్పింది. మిలిందుడు అనే గ్రీకు రాజు నాగసేనుడు అనే బౌద్ధ భిక్షువు దగ్గరికి వాదానికి వస్తాడు. నువ్వు దేనిలో వచ్చావు అని భిక్షువు అడుగుతాడు. రథంలో వచ్చాను అంటాడు రాజు. ఇరుసు రథమా? చక్రాలు రథమా? కాడి రథమా? ఏదీ కాదు. అయితే రథం ఎక్కడ ఉంది? ఇవన్నీ కలిసి ఉన్నప్పుడు రథం అని పిలుస్తాము, అంతే. గ్రీకుల్లో కూడా ఇట్లాంటిదే థీసియస్ ఓడ అని ఒకటి ఉంది, పలకలన్నీ ఒక్కొక్కటిగా మార్చేస్తే అదే ఓడా అని. ఇది నాకు బాగా నచ్చింది. మా బండికి కూడా టైర్లు ఎన్నిసార్లు మారాయో లెక్క లేదు, సీటు రెక్సిన్ మారింది, ముందు సీట్లకు బెల్టులు తాతే పెట్టించాడు, పాత సిగ్నల్ కర్రలు పనిచేయక దీపాలు కూడా ఆయనే పెట్టించాడు. అయినా అది మా మోరిస్సే.

కానీ ఆలోచిస్తే, అది అదే బండా కాదా అనేది మా ఇంటి ప్రశ్న కానే కాదు అనిపించింది. తాత ఏమేమి మార్చాడో ఆ జాబితా మళ్ళీ చూశాను. బెల్టులు ముందు సీటుకు. దీపాలు నడిపేవాడికి. టైర్లు అందరికీ అనుకోండి. వెనక కూర్చునేవాళ్ళ కోసం మార్చింది ఏమైనా ఉందా? రెక్సిన్ ఒక్కటి. అది కూడా చిరిగింది కాబట్టి.

బండి వచ్చింది వచ్చినట్టు ఉండాలి అని చెప్పేవాళ్ళ పక్కన, హ్యాండిల్ తిప్పితే దిగే అద్దం ఉంది. వెనక ఉన్నవాళ్ళ పక్కన లేదు. మా ఇంట్లో వెనక కూర్చున్నది ఎప్పుడూ అవ్వ, అమ్మ, పిల్లలు. ఈ విషయంలో వాళ్ళను ఎవరూ అడగలేదు. నేను అవ్వను అడిగాను, ఇన్నేళ్ళు నీకు ఉక్కపోయలేదా అని. ఆమె వక్కలు కత్తిరిస్తా ఉండింది. "పోసేది. కొంగుతో విసురుకునేదాన్ని. మీ అమ్మ చంటిబిడ్డగా ఉన్నప్పుడు తడిగుడ్డ తీసుకుపోయేదాన్ని" అంది. తాతకు చెప్పలేదా అంటే, "చెప్పేదానికి ఏముంది, బండే అట్లాంటిది కదా" అంది. తాత పక్క గదిలో ఉన్నాడు. విన్నాడు. నేను ఆయన వింటాడనే అడిగాను, ఒప్పుకుంటున్నాను.

మరుసటి వారం తాతే అన్నాడు, పుదుప్పేటకు పోదాము రా అని. చెన్నైలో పాత బండ్ల సామాను ఏది కావాలన్నా పుదుప్పేటకే పోతారు. అక్కడ తాతకు తెలిసిన ఒక మేస్త్రి ఉన్నాడు, పాత బండ్ల బాడీ పని చేస్తాడు. ఆయన అద్దం చూసి, తల అడ్డంగా ఊపాడు. జారే అద్దానికి పైన ఒక గాడి, కింద ఒక గాడి ఉండాలి, రెండూ సమానమైన దూరంలో తిన్నగా పోవాలి. మా అద్దం పై అంచు వంగి ఉంది కదా, వంపులో అద్దం జారదు, ఇరుక్కుంటుంది. కాబట్టి ఇక్కడ రేకు కోసి రంధ్రాన్ని చదరం చేస్తాను, అప్పుడు వ్యాను ఫ్రేము అట్లే కూర్చుంటుంది, చవకగా అవుతుంది అన్నాడు. సుద్దముక్క తీసుకుని వంపు పైన రేకు మీద ఒక తిన్నని గీత గీశాడు.

ఆ గీత చూడగానే నాకు కడుపులో ఏదో అయ్యింది. "వద్దు" అన్నాను. గట్టిగానే అన్నాను. తాత నన్ను చూశాడు. రెండు నెలలు పోట్లాడింది నేనే, ఇప్పుడు వద్దంటున్నదీ నేనే.

ఎందుకు వద్దన్నాను? చిన్నప్పుడు తడిమిన అద్దం కాబట్టి అని మొదట అనుకున్నాను. అది కొంత నిజం. కానీ ఇంకొకటి ఉంది. అద్దం తీసేస్తే మళ్ళీ పెట్టవచ్చు. రేకు కోస్తే మళ్ళీ కోయనట్టు చెయ్యలేము. ఈ బండికి వేరే చాసిస్ లేదు, బాడీయే బరువు మోస్తుంది, అందువల్ల కోత ప్రమాదం కూడా. కానీ ప్రమాదం లేకపోయినా వద్దనే అనేదాన్ని. అవ్వను అడగకుండా ఇన్నేళ్ళు అద్దం మూసి ఉంచారని కదా నా కోపం. రేపు ఈ బండి ఎవరికి వస్తుందో వాళ్ళను నేనూ అడగలేదు. వాళ్ళు ఇంకా పుట్టలేదు, అడగడానికి లేరు. లేనివాళ్ళను అడగలేము కాబట్టి వాళ్ళు మళ్ళీ మార్చుకునే వీలైనా వదిలిపెట్టాలి. కానీ వాళ్ళ కోసం అని చెప్పి ఇప్పుడున్న మనిషికి ఊపిరాడకుండా చెయ్యకూడదు. ఈ రెండూ ఒకేసారి నిజం అని నాకు ఆ సుద్దగీత దగ్గర తెలిసింది.

తరువాత తెలిసింది, ఇది నేను కనిపెట్టిన విషయమేమీ కాదని. పాత వాహనాల సంఘాలన్నిటికీ కలిపి ఫీవా అనే అంతర్జాతీయ సమాఖ్య ఉంది. వాళ్ళ ట్యూరిన్ చార్టర్‌లో, మార్పు తప్పనిసరి అయితే వీలైనంత తక్కువగా, మళ్ళీ వెనక్కి తీసుకునేట్టుగా చెయ్యాలని, తీసేసిన అసలు భాగాలను బండితోనే భద్రపరచడం మంచిదని ఉంది. తాతకు చూపిస్తే, ఆయన దాన్ని రెండుసార్లు చదివి ఫైలులో పెట్టుకున్నాడు.

మేస్త్రి మా ఇద్దరినీ పిచ్చివాళ్ళను చూసినట్టు చూశాడు గాని, పని ఒప్పుకున్నాడు. బీడింగ్ మెల్లగా సడలించి, లోపలినుంచి నెట్టి, పాత అద్దాలను పగలకుండా తీశాడు. ఆ రంధ్రానికి సరిపోయేట్టు అట్టముక్క కత్తిరించి కొలత తీశాడు. అదే వంపుతో అల్యూమినియం ఫ్రేము చేయించి, ఆ ఫ్రేము లోపల తిన్నని గాడి ఉండే చిన్న భాగం ఒకటి పెట్టాడు. వంపు మూలలో ఒక ముక్క కదలకుండా ఉంటుంది, ముందు ముక్క ఒక్కటే వెనక్కి జరుగుతుంది. అద్దం చప్పుడు చేయకుండా గాడిలో మెత్తటి పట్టీ, నీళ్ళు పోవడానికి కింద చిన్న రంధ్రాలు. టఫెన్డ్ అద్దాన్ని గట్టిపరిచిన తరువాత కోయలేరు, కోస్తే పొడి అయిపోతుంది, అందుకని ముందే కొలతకు కోసి ఆ తరువాత గట్టిపరిచారు. దానికే పన్నెండు రోజులు పట్టింది. రేకు మీద ఒక్క గీత పడలేదు. వ్యాను ఫ్రేముకు అయ్యే ఖర్చుకు మూడింతలు అయ్యింది, అది తాత ఇచ్చాడు.

ఇంత చేస్తే తెరుచుకునేది జానెడు. చూడడానికి బాగుందా అంటే, లేదు. అద్దం మధ్యలో నిలువు కమ్మీ అందాన్ని పాడుచేసింది. ఐప్పశి వానలకు ఎడమ పక్క కారింది కూడా, ఇంకోసారి బీడింగ్ వేయించాము. నీళ్ళు లోపలికి దిగి రేకు తుప్పు పడితే ఏమి చేస్తామని తాత ప్రతి వానకూ టార్చిలైటు వేసి చూస్తాడు. తాత స్నేహితుడు ఒకాయన వచ్చి, "ఎంత పని చేశావయ్యా" అని అందరి ముందూ అన్నాడు. తాత ఏమీ అనలేదు. నాకు బాధ వేసింది. వీఏ నంబరుకు ఇంకా దరఖాస్తు పెట్టలేదు. ఇది బాడీ మార్పు కింద రాదని నా వాదన, అధికారి ఏమంటాడో చూడాలి.

దీపావళికి మళ్ళీ తిరుత్తణికి పోయి కొండ ఎక్కాము. అవ్వ దారి పొడుగునా ఆ అద్దాన్ని తీస్తా, మూస్తా ఉండింది. గాలి కోసమా, ఊరికేనా తెలియలేదు.

అంతా అయిన తరువాత నా స్నేహితురాలు ఒక ప్రశ్న అడిగింది. ఈ వ్యాసంలో అది రాయకపోతే మోసం అవుతుంది. "ఇదంతా ఎందుకే? మీ అవ్వను ముందు సీటులో కూర్చోబెట్టి ఉండవచ్చు కదా?"

నిజంగా నాకు తట్టలేదు. తాతకు తట్టలేదు, అమ్మకు తట్టలేదు. అద్దం మార్చాలని రెండు నెలలు పోట్లాడిన నాకు, ఎవరు ఎక్కడ కూర్చోవాలో మార్చాలని ఒక్కసారి కూడా తోచలేదు. సాయంత్రం అవ్వను అడిగాను. ఆమె నవ్వింది. "బావగారు వెనకా, నేను ముందరా? ఏమి బాగుంటుందే?" అంది. పెదతాతను ఇంకా అడగలేదు. అడగాలి. ఆయన వెనక కూర్చున్నా ఇప్పుడు గాలి వస్తుంది, అది ఒకటి.

పాత అద్దాలు రెండూ అవ్వ పాత నూలుచీరలో చుట్టి అటక మీద పెట్టాము. ఏ తేదీన తీశాము, ఎందుకు తీశాము, మళ్ళీ ఎట్లా పెట్టాలి అని ఒక కాగితం రాసి అందులో పెట్టమని తాత నాకు చెప్పాడు. తెలుగులో రాయాలా తమిళంలో రాయాలా అని అడిగాను, ఎందుకంటే మా తమ్ముడికి తెలుగు చదవడం సరిగ్గా రాదు, వాడి పిల్లల సంగతి దేవుడికే తెలియాలి. తాత కాసేపు ఆలోచించి, రెండింటిలోనూ రాయమన్నాడు. తెలుగు పైన రాశాను.